గొంతులో పిల్లలను మోయు తండ్రి

కప్ప అనగానే మనకు వానకాలపు చెరువును, తెల్లవార్లు సాగు బెకబెక ధ్వనియు జ్ఞప్తికి వచ్చును. నీటిలో గుడ్లు పెట్టి తన దారిని తాను పోవుట కప్పలలో పెక్కింటికి అలవాటు. ఆ గుడ్లనుండి వెలువడిన తోకకప్పలలో చేపలకును, కొంగలకును చిక్కక మిగిలినవే పెరిగి పెద్దవగును. కాని దక్షిణ అమెరికా ఖండపు దక్షిణభాగమున, సంతానమును తన గొంతులో దాచి పెంచు చిన్న కప్ప యొకటి కలదు. దాని పేరు డార్విన్ కప్ప.

చిలీ దేశపు దక్షిణభాగమునను, దానినానుకొనియున్న అర్జెంటీనా సరిహద్దునను చల్లని వర్షారణ్యములు కలవు. నోతోఫాగస్ అను వృక్షముల నీడలో, నాచు పట్టిన మొద్దుల నడుమ, తడిసిన రాలుటాకులలో ఈ కప్ప నివసించును. దాని నిడివి సుమారు 3 సెంటీమీటర్లు. ముక్కు చివర మొనదేలిన చర్మము ముందునకు సాగియుండును. కొన్ని ఆకుపచ్చగా, కొన్ని గోధుమవన్నెతో నుండును. కదలక కూర్చున్నచో రాలిన ఆకని భ్రమపడుదుము. ఆపద కలిగినపుడు వెల్లకిల పడి చచ్చినట్లు నటించును. అప్పుడు కనబడు పొట్టమీది నలుపు తెలుపు మచ్చలు ఏ రెండింటికిని ఒక్కతీరుగ నుండవు. వ్రేలిముద్రలతో మనుష్యులను గుర్తించునట్లు, శాస్త్రజ్ఞులు ఆ మచ్చల ఛాయాచిత్రములతో ఒక్కొక్క కప్పను గుర్తించుచున్నారు.

బీగిల్ నౌకపై ప్రపంచయాత్ర చేయుచు చార్లెస్ డార్విన్ 1834-35 సంవత్సరములలో చిలీ దేశమున దీనిని సేకరించెను. 1841లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ద్యూమెరిల్, బిబ్రోన్ దీనిని వర్ణించి ఆయన పేరు పెట్టిరి. దీని శరీరములో సజీవములైన పిల్లలను చూచి, ఇది పిల్లలను కను ఆడుకప్ప యని తొలుత తలచిరి. 1872లో స్పెయిను శాస్త్రజ్ఞుడు హిమేనెజ్ దె లా ఎస్పాద, పిల్లలున్నది గర్భములో కాదనియు, మోయుచున్నది మగకప్ప యనియు తేల్చెను.

మగకప్ప గొంతు క్రింద, కూయునపుడు బుడగవలె ఉబ్బు తోలుసంచి యుండును. అదియే స్వరకోశము. ఆడుకప్ప తడియాకులలో 40 వరకు గుడ్లు పెట్టి వెడలిపోవును. మగకప్ప దాదాపు 3 వారములు వానిని కనిపెట్టుకొని యుండును. గుడ్లలోని పిండములు కదలనారంభింపగనే వానిని నోటిలోనికి తీసికొనును. అవి నాలుక క్రింది ద్వారమున స్వరకోశమును చేరును. అచ్చట 6 మొదలు 8 వారముల వరకు, సంచిగోడలనుండి ఊరు పోషకద్రవమును గ్రహించుచు పెరుగును. తోక కరగి, కాళ్లు వచ్చిన పిదప, తండ్రి నోరు తెరవగా చిన్న కప్పలై బయటకు దుముకును. పిల్లలను కడుపులో పెట్టుకొని చూచుకొనుట యని మనము మాటవరుసకు అందుము. ఈ తండ్రి పాడు గొంతులోనే పెట్టుకొని చూచుకొనుచున్నది.

ఈ కప్పకు సోదరజాతి యొకటి కలదు. ఉత్తర డార్విన్ కప్ప యను ఆ జాతి 1981 తరువాత ఎవరికిని కానరాలేదు. మిగిలిన దక్షిణజాతికిని ముప్పు వచ్చినది. సహజారణ్యములు కొట్టి పైను, యూకలిప్టస్ తోటలు వేయుట యొక కారణము. కైట్రిడ్ అను శిలీంధ్రము రెండవది. కప్ప చర్మముతోడనే నీరు గ్రహించును, కొంత శ్వాసించును. ఈ శిలీంధ్రము చర్మమును పట్టి, రక్తములోని లవణముల సమతను చెరచి, తుదకు గుండెనే ఆపివేయును. చిలోయే ద్వీపములోని తంతావుకో అరణ్యమున 2023లో ఈ వ్యాధి బయటపడినది. ఒక్క సంవత్సరములో అచ్చటి కప్పలు నూటికి 90 వంతులు నశించినవి.

అందుచే 2024లో వ్యాధి సోకని 53 కప్పలను వెదకి పట్టి, చల్లని పెట్టెలలో నుంచి, పడవపై, బండిపై, విమానముపై 11,000 కిలోమీటర్లు దాటించి లండన్ జంతుప్రదర్శనశాలకు చేర్చిరి. వానిలో 11 మగకప్పలు ప్రయాణమంతయు పిల్లలను గొంతులో మోయుచునే యుండినవి. వాని నోళ్లనుండి 33 పిల్లకప్పలు వెలువడినవని 2025లో ప్రకటించిరి.

ఆ పిల్లలు తమ అడవిని చూచి యెరుగవు. అడవి నుండి శిలీంధ్రమును తొలగించు ఉపాయము దొరకినగాని వానిని తిరిగి పంపుట క్షేమము కాదు. తండ్రి చేయగలిగిన దంతయు చేసినది. చర్మమును పట్టు వ్యాధినుండి కాపాడుటకు మాత్రము దాని గొంతు చాలదు. ఆ పని మనుష్యుని వంతు.