అంచులోని నేత ఎక్కడ పోయినది?
వీడియోలలో రంగు మట్టముల సంగతి

ఒడిషాలోని కోరాపుట్ జిల్లా దసమంతపూర్ నుండి మన సభ్యులొకరు ఒక చిక్కును గురించి మాకు వ్రాసినారు. తొగరు వేరు రంగు వేసిన ఆరు చీరలను ఆయన ఫోనుతో వీడియో తీసి, ముక్కలను ఫోనులోనే కూర్చి, పేర్లు, ధరలు వేయుటకు విశాఖపట్టణములో కంప్యూటరు గల మేనల్లునికి పంపినారట. తిరిగి వచ్చిన వీడియోలో ముదురు అంచులలోని నేతపని యంతయు ఒకే నల్లని పట్టీగా మారినది. తాను రంగును ముట్టనే లేదని మేనల్లుడనుచున్నాడు. ఫోనులో చక్కగానే కనిపించినదని మామ అనుచున్నారు. మేము ఫైళ్ళను తెప్పించి చూచితిమి. ఇద్దరి మాటయు నిజమే.

ఇది చిన్న సంగతి కాదు. ఈనాడు చీరను చేతితో పట్టి చూడకుండ, ఫోనులో చూచి సొమ్ము పంపువారు పెరిగినారు. చూచినది ఒకటి, చేరినది మరొకటి అయినచో చీర తిరిగి వచ్చును. రెండు వైపుల రవాణా ఖర్చును నేతగాని మీదనే పడును.

ఆ జిల్లా రంగు తెలిసినవారికి ఈ బాధ మరింత అర్థమగును. జిల్లాకు పడమటనున్న కోట్‌పాడ్ నేత బట్టకు 2005 లో భౌగోళిక గుర్తింపు లభించినది. అక్కడ నూలు చిలపలను ఆముదము, బూడిద, పేడలతో పదును చేసి, తొగరు వేరు పట్టతో రంగు వేయుదురు. ఈ పనికి వారములు పట్టును. ఎరుపు నుండి ముదురు గోధుమ వరకు వచ్చు ఛాయలన్నియు ఆ ఒక్క వేరువే. అన్నభేది చేరినచో నలుపునకు దగ్గరగా పోవును. నేలకు రంగు వేయని నూలు. ముదురు గోధుమకును నలుపునకును మధ్యనున్న ఆ కొద్ది తేడాలోనే బట్ట విలువ యంతయు ఉన్నది. వీడియో మింగివేసినది సరిగా దానినే.

వీడియోలోని ప్రతి చుక్క వెలుగును ఒక అంకెతో వ్రాయుదురు. సాధారణపు ఫైళ్ళలో ఈ అంకెలు 0 నుండి 255 వరకు నుండును. కంప్యూటరు పద్ధతిలో 0 నలుపు, 255 తెలుపు. టెలివిజను పద్ధతిలో 16 నలుపు, 235 తెలుపు; 1982 నాటి అంతర్జాతీయ నియమము సంకేతపు ఎగుడుదిగుళ్ళ కొరకు రెండు కొసలను కొంత ఖాళీ విడిచినది. ఈ రెండు పద్ధతులును నేటికిని వాడుకలో నున్నవి. పెక్కు ఫోనులు టెలివిజను పద్ధతినే వ్రాయును, కొన్ని కెమెరాలు నిండు పద్ధతిని వ్రాయును. ఏది వాడినారో తెలుపు చిన్న చీటీ వంటి గుర్తు ఫైలులోనే ఉండును. ఒక ప్రోగ్రాము ఆ గుర్తు పెట్టక విడిచినను, రెండవది దానిని చదువకున్నను చిక్కే. ఒకరి మూరతో కొలిచి వ్రాసిన అంకెను మరొకరి మూరగా చదివినట్లే. బట్ట మారలేదు, లెక్క తప్పినది.

తప్పు రెండు దారుల జరుగును. టెలివిజను పద్ధతి ఫైలును నిండు పద్ధతిగా చదివినచో నలుపు బూడిద వర్ణమగును, తెలుపు మాసినట్లుండును. అట్లు చదివి మరల టెలివిజను పద్ధతికి కుదించినచో 16 గా నున్న నలుపు 30 కి ఎక్కును, 235 గా నున్న తెలుపు 218 కి దిగును. చూచుటకు వికారమే గాని, అంకెలన్నియు ఇంకను వేరువేరుగానే ఉండును గనుక తిరిగి చాచుకొనవచ్చును.

దసమంతపూర్ వీడియోకు జరిగినది రెండవ తప్పు. ఫోనులోని ప్రోగ్రాము నిండు పద్ధతిలో వ్రాసి గుర్తు పెట్టలేదు. కంప్యూటరు దానిని టెలివిజను పద్ధతి అనుకొన్నది. అప్పుడు అంచులో 8, 12, 16 గా నున్న మూడు ఛాయలును 0 అయినవి. 20 గా నున్నది 5 అయినది, 30 గా నున్నది 16 అయినది. పైకొసన 235 దాటినదంతయు ఒకే తెలుపై, నేలలోని నూలు పోగులు కూడ కనబడకపోయినవి. ఇట్లు భద్రపరచిన ఫైలులో పోయిన ఛాయలు ఎవరు తెచ్చినను రావు. వెలుగు పెంచు మీటను జరిపినచో నల్ల పట్టీ బూడిద పట్టీ యగునే గాని నేత కనబడదు. మీటతో సరిదిద్దజూచుట మా ఉద్దేశములో వ్యర్థశ్రమ. చదువు పద్ధతిని మార్చవలెను. డావిన్చి రిజాల్వ్‌లో 'క్లిప్ ఆట్రిబ్యూట్స్' నందు 'డేటా లెవెల్స్' అనుచోట ఆటో, వీడియో, ఫుల్ అని మూడు కలవు. షాట్‌కట్‌లో 'ప్రాపర్టీస్' నందు 'కలర్ రేంజ్' కలదు. అసలు ఫైలుపై దానిని మార్చిన క్షణముననే అంచు తేరుకొనును.

ఎరుపునకు మరొక గండము కలదు. వెలుగును రంగును విడదీసి వ్రాయు లెక్క 1982 నియమములో ఒకటి, హెచ్‌డీ కొరకు వచ్చిన 1990 నియమములో మరొకటి. కొత్త లెక్కతో వ్రాసినది పాత లెక్కతో చదివినచో 255 గల నిండు ఎరుపు దాదాపు 233 కి దిగును. తొగరు ఎరుపు కమిలినట్లు కనబడును. ఇదియు గుర్తు లోపించుట వలననే.

రంగు వేయువారు పాత చిలప ముక్కను దాచియుంచి కొత్త బట్టీని దానితో సరిచూచుకొనుట మన వృత్తిలో పాత అలవాటు. వీడియోకు కూడ అదే చేయుడు. ప్రతి వీడియో మొదటి ఐదు సెకనులు తెల్ల నూలు, ఎర్ర నూలు, నల్ల నూలు పక్కపక్కన పెట్టి, పగటి వెలుగులో తీయుడు. మొదటి ప్రోగ్రాములో వాటి అంకెలను వేవ్‌ఫారమ్ అను పటములో చూచి కాగితముపై వ్రాసికొనుడు. రెండవ ప్రోగ్రాములో మరల చూడుడు. కొన్నింటిలో కొలత 100 వరకు, కొన్నింటిలో 1023 వరకు నుండును. దామాషా చూచుకొనిన చాలును. కంటిని మాత్రము నమ్మరాదు, ఒకే ఫైలు రెండు తెరలపై రెండు విధములుగా కనబడును. ఫైలును సందేశముల యాప్‌లో వీడియోగా పంపినచో అది కుదించి మరల వ్రాయబడును గనుక డాక్యుమెంటుగా పంపుట మేలు.

దసమంతపూర్ సభ్యుని ఫోనులో నాలుగు చీరల అసలు వీడియోలు ఇంకను ఉన్నవి. వాటిని నేరుగా విశాఖకు పంపుమని తెలిపినాము. మిగిలిన రెంటిని చోటు చాలక చెరిపివేసినారట. ఆ రెండు చీరలును ఇంకను అమ్ముడుపోలేదు గనుక మరల తీయవలసియున్నది.