అగ్నిశిలలు: పుట్టుక, వర్గీకరణ, నేలలతో సంబంధం

నేల సర్వే పత్రాలలో మాతృశిల పేరును నమోదు చేయడం పరిపాటి. అయితే ఆ పేరును ఎరువుల సిఫారసుతో అనుసంధానించి ఆలోచించడం అరుదు. తెలంగాణలోని ఎర్ర చల్కా నేలలకు, నల్లరేగడి నేలలకు మధ్య గల భేదం చాలావరకు వాటి మాతృశిలలైన అగ్నిశిలల నుంచి వచ్చినదే. ఈ శిలల వర్గీకరణ నేల గురించి ఎంతవరకు చెప్పగలదో, ఎక్కడ ఆగిపోతుందో విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు స్పష్టంగా తెలిసి ఉండాలి.

పుట్టుక

భూగర్భంలో కరిగిన స్థితిలో ఉన్న పదార్థం శిలాద్రవం. అది ఉపరితలానికి వెలువడితే లావా. ఇది చల్లబడి గట్టిపడగా ఏర్పడినవే అగ్నిశిలలు. లోతులో చల్లబడటం అతి నెమ్మదిగా జరుగుతుంది కనుక ఖనిజ స్ఫటికాలు కంటికి కనిపించేంత పెద్దవిగా పెరుగుతాయి. గ్రానైట్, గాబ్రో ఇటువంటి అంతర్గత శిలలు. ఉపరితలంపై లావా త్వరగా చల్లబడి రయొలైట్, బసాల్ట్ వంటి సన్నని రేణువుల బహిర్గత శిలలు ఏర్పడతాయి. పగుళ్లలోకి చొచ్చుకొని గట్టిపడిన డోలరైట్ డైక్‌లలో రేణువుల పరిమాణం మధ్యస్థంగా ఉంటుంది.

వర్గీకరణ

రేణువుల పరిమాణం శిల చల్లబడిన తీరును తెలుపగా, సిలికా శాతం దాని రసాయనిక స్వభావాన్ని తెలుపుతుంది. సిలికా సుమారు 66 శాతానికి మించితే ఆమ్ల శిలలు, 52–66 మధ్య ఉంటే మధ్యస్థ శిలలు, 45–52 మధ్య ఉంటే క్షార శిలలు, 45 కంటే తక్కువైతే అతిక్షార శిలలు. గ్రానైట్, రయొలైట్ ఆమ్ల శిలలు. డయొరైట్, ఆండసైట్ మధ్యస్థ శిలలు. గాబ్రో, బసాల్ట్ క్షార శిలలు. పెరిడొటైట్ అతిక్షార శిల.

శిల నుంచి నేల వరకు

శిలాద్రవం చల్లబడేటప్పుడు ఖనిజాలు ఒక క్రమంలో స్ఫటికీకరిస్తాయని బోవెన్ 1922లో వివరించారు. అధిక ఉష్ణోగ్రత వద్ద ముందుగా ఏర్పడిన ఆలివీన్, పైరాక్సీన్ వంటివి త్వరగా శిథిలమవుతాయని, చివరగా ఏర్పడే క్వార్ట్జ్ దీర్ఘకాలం నిలుస్తుందని గోల్డిచ్ 1938లో చూపారు. సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి తెలంగాణ గ్రానైట్ శిథిలమైనప్పుడు క్వార్ట్జ్ ఇసుకగా మిగులుతుంది. అందువల్ల చల్కా నేలలు తేలికగా ఉండి, నీటిని, పోషకాలను తక్కువగా నిలుపుకుంటాయి. దాదాపు 6.6 కోట్ల సంవత్సరాల నాటి దక్కన్ బసాల్ట్‌లో క్వార్ట్జ్ దాదాపు ఉండదు. అందులోని ఖనిజాలు ఉబ్బే గుణం గల బంకమన్నుగా మారతాయి. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే ఆదిలాబాద్ ప్రాంతపు రేగడి నేలలు ఇందుకు నిదర్శనం.

జాగ్రత్త వహించవలసిన అంశాలు

మొదటిది, ‘ఆమ్ల శిల’ అన్న పేరు సిలికాకు సంబంధించినదే తప్ప నేల ఉదజని సూచికకు కాదు. గ్రానైట్ నుంచి ఏర్పడిన నేల తటస్థంగానూ ఉండవచ్చు. కేవలం శిల పేరు చూసి సున్నం వేయమని సూచిస్తే రైతుకు వృథా ఖర్చే మిగులుతుంది.

రెండవది, శిలలోని నిల్వ వేరు, మొక్కకు అందే మోతాదు వేరు. గ్రానైట్‌లో పొటాషియం సమృద్ధిగా ఉన్నా, అందులో అధిక భాగం ఫెల్డ్‌స్పార్‌లో బంధించబడి ఉంటుంది. అలాగే బసాల్ట్‌లో ఇనుము పుష్కలంగా ఉన్నప్పటికీ, సున్నం అధికంగా గల నల్లనేలల్లో వేరుశనగ లేత ఆకులు ఇనుము లోపంతో పాలిపోవడం చూస్తాము.

మూడవది, రంగు ఒక్కటే మాతృశిలకు సాక్ష్యం కాదు. గ్రానైట్ ప్రాంతాలలోనూ నీరు, లవణాలు చేరే పల్లపు భూముల్లో నల్లనేలలు ఏర్పడతాయి.

కాబట్టి క్షేత్ర సందర్శనలో బావి గోడలోనో, రోడ్డు కోతలోనో బయటపడిన శిలను, దానిపైనున్న మొరాన్ని పరిశీలించి, రేణువుల పరిమాణాన్ని, క్వార్ట్జ్ ఉనికిని నమోదు చేయాలి. దాని ఆధారంగా నేల లోతు, నీటి నిల్వ సామర్థ్యంపై అంచనాకు రావచ్చు. ఎరువుల మోతాదును మాత్రం భూసార పరీక్ష ఫలితాన్ని బట్టే నిర్ణయించాలి.