తల్లి ఒడియు, మోటారు వేగమును

బిడ్డకు తల్లి ఒడిని మించిన రక్షణస్థానము లేదని మనవారి విశ్వాసము. ఇంటిలో కూర్చున్నంతసేపు ఇది నిజమే. పరుగెత్తుచున్న మోటారుకారులో మాత్రము ఇది నిజము కాదు. ఈ భేదమును మనము గ్రహింపకపోవుటచేతనే, పెరిగి పెద్దవారై ఇంటికి దీపములు కావలసిన పసివారు రోడ్లమీద ప్రాణములు కోల్పోవుచున్నారు. దేశమున అందరును ఆలోచింపవలసిన విషయమే యైనను, తిరుపతి, చిత్తూరు జిల్లాలవారికి ఇందు బాధ్యత మరింత అధికముగ నున్నది. ఏలయన, పసిబిడ్డలతో కూడిన మోటారుకార్లు ఈ సీమకు వచ్చినన్ని మరి యే సీమకును వచ్చునని తోచదు.

పుట్టువెండ్రుకల మ్రొక్కు తీర్చుటకు తల్లిదండ్రులు చెన్నపట్టణమునుండియు, బెంగుళూరునుండియు, నెల్లూరు, కడప ప్రాంతములనుండియు బిడ్డలను తీసికొని ప్రతిదినము తిరుమలకు వచ్చుచుందురు. ఏడాది నిండని శిశువులుగల దంపతులకు సుపథము మార్గమున దర్శనము చేసికొనుటకు దేవస్థానమువారు సౌకర్యము కల్పించియున్నారు. చిత్తూరు చెంతనున్న కాణిపాకమునకును ఈ కుటుంబములే పోవుచుండును. ఈ కార్లలోనికి ఒకసారి తొంగిచూచినచో కనబడు దృశ్యమేమి? ముందుసీటులో తల్లి; ఆమె ఒడిలో ఆరునెలల బిడ్డ. వెనుకసీటులో ముగ్గురు కూర్చుండవలసినచోట నలుగురు పెద్దలు. వారి మోకాళ్లమధ్య నిలుచుండి ముందుకు వంగి చూచుచున్న నాలుగేండ్ల పిల్లవాడు. ఒక్కొక్కప్పుడు తండ్రియే బిడ్డను తొడపై కూర్చుండబెట్టుకొని, చిన్నిచేతులతో స్టీరింగును పట్టించి మురిసిపోవుటయు కలదు. వీరిలో ఏ ఒక్కరికిని బిడ్డపై ప్రేమ తక్కువ యని చెప్పుటకు వీలులేదు. ప్రేమ యెంత యున్నను మోటారు వేగమునకు దానితో పనిలేదని తెలియకపోవుటయే ఇందలి లోపము.

1944 వ సంవత్సరమున మొదటి ఘాటురోడ్డు ఏర్పడువరకు కొండకు పోవుటకు కాలినడకయు డోలీయు తప్ప వేరు సాధనములు లేకుండెను. నడచుచున్న మనుష్యుడు తొట్రుపడినచో చంకనున్న బిడ్డను అదిమిపట్టి కాపాడగలడు. మన చేతుల బలము నడకకు సరిపోవునట్లు ఏర్పడినది. రోడ్డు వచ్చినది, మోటారు వచ్చినది, 1974 లో రెండవ ఘాటురోడ్డును వచ్చినది. చేతుల బలము మాత్రము పెరుగలేదు.

గణితము చెప్పు మాట

వేగముగ పోవుచున్న కారు దేనినైనను ఢీకొన్నప్పుడు కారు ఆగిపోవును గాని, అందు కట్టివేయబడని మనుష్యులు ఆగరు. కారు ఏ వేగమున పోవుచున్నదో ఆ వేగముతోనే వారు ముందుకు పోయి అద్దమునకో, ముందుసీటునకో తగులుదురు. గంటకు 50 కిలోమీటర్ల వేగమున ఇట్లు తగులుట, పది మీటర్ల ఎత్తునుండి, అనగా మూడంతస్తుల మేడపైనుండి నేలపై పడుటతో సమానము. వేగము రెండింతలైన ఎత్తు నాలుగింతలగును. చిత్తూరుమీదుగ పోవు బెంగుళూరు రోడ్డులో 100 కిలోమీటర్ల వేగము నేడు వింత కాదు. ఆ లెక్కన అది సుమారు 40 మీటర్ల ఎత్తునుండి పడుటయే.

"ఘాటులో కార్లు మెల్లగ పోవును గదా" యని కొందరు సమాధానపడుదురు. గంటకు 30 కిలోమీటర్ల వేగమున ఢీకొన్నను మూడున్నర మీటర్ల ఎత్తునుండి పడినట్లగును. మన పల్లెలలో మిద్దెమీద పసిబిడ్డ ఆడుచున్నచో తల్లి క్షణమైన కన్ను మరల్పదు. అదే తల్లి అదే బిడ్డను కట్టకుండ కారులో కూర్చుండబెట్టుకొని 36 పెనుమలుపులుగల రోడ్డున దిగుచున్నది.

ఇక ఒడి సంగతి. 50 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఢీకొని అరమీటరు దూరములో ఆగినదనుకొందము. పది కిలోల బిడ్డ ఆ క్షణమున రెండు క్వింటాళ్ల బరువుతో ముందుకు లాగును. ఏ తల్లి చేతులు దానిని ఆపగలవు? తల్లియు బెల్టు పెట్టుకొననిచో ఆమె బరువంతయు వచ్చి బిడ్డమీద పడును. తానును బిడ్డయు కలసి ఒకే బెల్టు చుట్టుకొన్నచో, తల్లి శరీరమునకును బెల్టునకును నడుమ బిడ్డ నలిగిపోవును. ముందుసీటునకు ఎదురుగనున్న ఎయిర్ బ్యాగు పెద్దవారిని కాపాడుటకు ఏర్పడినది. అది రెప్పపాటులో విచ్చుకొనునప్పుడు తగులు దెబ్బ శిశువునకు ప్రాణాంతకము కాగలదు.

ఒక వైద్యుని పోరాటము

ఈ పొరపాటు మనదేశమునకే ప్రత్యేకమైనది కాదు. అమెరికాలో టెనెసీ రాష్ట్రమున మర్ఫ్రీస్‌బరో పట్టణమునందు రాబర్టు శాండర్సు అను శిశువైద్యుడుండెను. కార్లలో పిల్లలను తగిన సీటులో కట్టి తీసికొనిపోవలెనని నిర్బంధించు శాసనముకొరకు ఆయన చాలకాలము కృషిచేసెను. 1977 లో ఆ రాష్ట్రమువారు శాసనము చేసిరి. 1978 జనవరినుండి అది అమలులోనికి వచ్చెను. అమెరికాలో ఇట్టి శాసనములలో అదియే మొదటిది. కాని పెద్దవారి చేతులలోనున్న బిడ్డకు ఈ నిబంధన వర్తింపదని అందొక మినహాయింపును చేర్చిరి. బిడ్డను నలిపివేయు మినహాయింపని దానికి పేరువచ్చినది. శాండర్సు మొదలగువారు విడువక పోరాడగా 1981 లో దానిని తొలగించిరి. 1985 నాటికి ఆ దేశమునందలి అన్ని రాష్ట్రములును ఇట్టి శాసనములు చేసినవి. తల్లి ఒడి చాలునను వాదమును వారును ఒకప్పుడు నమ్మినవారే. బిడ్డలను పోగొట్టుకొన్న పిమ్మట విడిచిపెట్టినవారే.

స్వీడను దేశమున బెర్టిల్ ఆల్డ్‌మన్ అను ఆచార్యుడు 1960 తరువాతి సంవత్సరములలో మరియొక యుక్తి కనిపెట్టెను. అంతరిక్షయాత్రికులు వెల్లకిల పరుండి ఆ మహావేగమును ఓర్చుకొనుట చూచి, శిశువును కారులో వెనుకకు తిరిగియుండునట్లు కూర్చుండబెట్టిన మేలని ఆయన తలచెను. శిశువు తల పెద్దది, మెడ బలహీనమైనది. వెనుకకు తిరిగియున్నప్పుడు దెబ్బయొక్క బలము మెడమీద పడక వీపంతటను సమముగ పరచుకొనును. అమెరికా రోడ్డుభద్రతా సంస్థవారి లెక్కల ప్రకారము, సరియైన సీటులో కట్టినచో కార్లలో ఏడాదిలోపు శిశువుల మరణములు 71 శాతమును, ఒకటి మొదలు నాలుగేండ్లవరకుగల పిల్లల మరణములు 54 శాతమును తగ్గును. ఇంతటి ఫలము నిచ్చు ఔషధమేదైనను కనుగొనబడినచో దానికై మనము ఎంత దూరమైనను పోయి తెచ్చుకొనకుందుమా?

మన శాసనము

మనకును శాసనమున్నది. 2019 సెప్టెంబరు 1 నుండి అమలులోనికి వచ్చిన మోటారు వాహనముల సవరణ చట్టమున 194 బి విభాగము ప్రకారము, పదునాలుగేండ్లు నిండని పిల్లలను బెల్టుతోగాని పిల్లల సీటుతోగాని భద్రపరచక కారు నడపినవారికి వేయి రూపాయల జరిమానా. మోటారుసైకిలుపై తొమ్మిది నెలలనుండి నాలుగేండ్లవరకుగల పిల్లలను తీసికొనిపోవునపుడు పట్టీలతో పెద్దవారికి కట్టవలెననియు, తలకు హెల్మెటు పెట్టవలెననియు, వేగము 40 కిలోమీటర్లు మించరాదనియు 2022 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వమువారు నియమములు ప్రకటించిరి. 2023 ఫిబ్రవరినుండి అవి అమలులోనికి వచ్చినవి. అయినను పెట్రోలు ట్యాంకుపై బిడ్డను కూర్చుండబెట్టుకొని పోవువారు మన వీథులలో అడుగడుగునకు కనబడుచున్నారు. శాసనము కాగితముపై నున్నది. బిడ్డ ట్యాంకుపై నున్నాడు.

వెనుకసీటులో భయము లేదనుట మరియొక భ్రమ. 2022 సెప్టెంబరు 4 న పాల్ఘర్ సమీపమున జరిగిన ప్రమాదములో సుప్రసిద్ధ వ్యాపారవేత్త సైరస్ మిస్త్రీ మరణించెను. ఆయనయు, ఆయనతో మరణించిన మిత్రుడును బెల్టు లేకుండ వెనుకసీటులో కూర్చున్నవారే. ఆ యేడు దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్ర రవాణాశాఖవారు ప్రకటించియున్నారు. వారిలో బెల్టు పెట్టుకొననివారు 16,715 మంది. ఇందు నడపువారు 8,384, ప్రయాణికులు 8,331. బెల్టు డ్రైవరునకు మాత్రమే యనుకొనువారు ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన పెట్టి చూతురుగాక. మన సీమ రోడ్లును క్షమించునవి కావు. 2022 మార్చిలో భాకరాపేట ఘాటున నిశ్చితార్థమునకు పోవుచున్నవారి బస్సు లోయలో పడుటయు, 2024 సెప్టెంబరులో మొగిలి ఘాటున లారీయు ఆర్టీసీ బస్సును ఢీకొనుటయు, పలువురు మరణించుటయు ఎవరు మరచిరి?

చేయవలసిన దేమి?

బిడ్డ బరువు, ఎత్తునుబట్టి సీట్లు వేరువేరుగ నున్నవి. శిశువునకు వెనుకకు తిరిగియుండు సీటు. తయారుచేసినవారు చెప్పిన పరిమితి దాటువరకు అట్లే యుండనిచ్చుట మేలు. ఆ తరువాత ముందుకు చూచు సీటు, భుజములమీదుగ వచ్చు పట్టీలతో. అటుపిమ్మట ఎత్తుపీట వంటి బూస్టరు సీటు. సుమారు నాలుగడుగుల తొమ్మిదంగుళముల ఎత్తు వచ్చినగాని పెద్దవారి బెల్టు పిల్లలకు సరిపడదు. అంతకుముందే కట్టినచో అది భుజమున కాక మెడకు, తుంటిపై కాక కడుపుకు ఒరయును. సీటును ఎల్లప్పుడు వెనుకసీటులోనే అమర్చవలెను. అది కదలకుండ గట్టిగ బిగింపవలెను. పట్టీలు వదులుగ నుండరాదు. ఎ.ఐ.ఎస్. 072 ప్రమాణమునకు సరిపోవు సీటునే కొనవలెను. ప్రమాదమున దెబ్బతిన్న సీటును మరల వాడరాదు.

బిడ్డ ఏడ్చుననియు, కట్టివేయుట దయలేని పనియనియు మన అవ్వలు అందురు. వారికొక్క మాట మనవి చేయుచున్నాము. బిడ్డ పుట్టిన కొలదిదినములకే ముత్తైదువులను పిలిచి ఉయ్యాలలో వేయు ఆచారము మనది. తల్లి ఒడినుండి తీసి వేరుగ పరుండబెట్టుట ఆనాడు నిర్దయ కాలేదు; వేడుకయే ఐనది. కారులోని సీటును కదలు ఉయ్యాలయే. మొదటినుండియు అలవాటు చేసినచో బిడ్డ అందే నిద్రించును. ఖర్చు సంగతి చెప్పువారును కలరు. లక్షలు పోసి కారు కొని, చెవులు కుట్టించు వేడుకకు వేలు వెచ్చించువారికి కొన్నివేల రూపాయల సీటు భారమగునా? దామలచెరువు మండికి పోవు మామిడికాయల లారీకి మోకులు బిగించిగాని రైతు బండి కదలనీయడు. మదనపల్లె టమాటా పెట్టె ఒరుగకుండ త్రాళ్లు కట్టుదురు. కాయలకు చేయు ఈ జాగ్రత్త కన్నబిడ్డకు అక్కరలేదా?

దేవస్థానమువారికిని ఒక విన్నపము. అలిపిరియొద్ద ప్రతివాహనమును ఆపి పరీక్షించుచున్నారు. మద్యము, మాంసము, పొగాకు కొండకు పోకుండ కాపాడుచున్నారు. కార్లు కొండ ఎక్కుటకు 28 నిమిషములకును, దిగుటకు 40 నిమిషములకును తక్కువ పట్టరాదని నియమించి వేగమును అదుపులోనుంచినారు. అంత శ్రద్ధగల చోట, ముందుసీటులో ఒడినున్న బిడ్డను చూచి ఒక్కమాట చెప్పి వెనుకసీటునకు పంపుట కష్టము కాదు. అలిపిరియందును, రేణిగుంట విమానాశ్రయమునందును, తిరుపతి రైల్వేస్టేషనునందును పిల్లల సీట్లను అద్దెకిచ్చు ఏర్పాటు చేసినచో దూరమునుండి వచ్చి టాక్సీలలో పోవు యాత్రికులకు మహోపకారమగును. టాక్సీ యజమానుల సంఘములు దీనికి పూనుకొనవచ్చును. ప్రసవించిన తల్లిని ఆసుపత్రినుండి ఇంటికి పంపునపుడు టీకాల చీటితోపాటు ఈ హెచ్చరికయు వైద్యులు చేయవచ్చును. బిడ్డయొక్క మొదటి మోటారు ప్రయాణము ఆనాటిదే గదా.

పోలీసువారి జరిమానాకు భయపడి చేయు పని జరిమానా లేనిచోట నిలువదు. గ్రామములలోను పట్టణములలోను నలుగురికి మేలుమాట చెప్పగల పెద్దలు మొదట తమ కార్లలో ఈ పద్ధతిని పాటింతురుగాక. మనుమనిది యైనను, మనుమరాలిది యైనను పట్టీ బిగింపకుండ కారు కదలరాదని ఇంటి పెద్ద ఒక్కసారి కట్టడి చేసినచో, ఆ యింట అది ఆచారమై నిలుచును. మ్రొక్కు తీర్చుటకు కొండకు తెచ్చిన బిడ్డను క్షేమముగ ఇంటికి చేర్చుటయు ఆ మ్రొక్కులో భాగమే.