హరిత తేనీరు

హరిత తేనీరు వేరొక మొక్క నుండి లభిస్తుందని చాలామంది భావిస్తారు. అది సరికాదు. మనం పాలు, పంచదార కలిపి సేవించే తేనీటికీ దీనికీ మూలం ఒకే మొక్క. భేదమంతా ఆకును కోసిన తరువాతి ప్రక్రియలో ఉంది. నలిగిన ఆకు గాలి సోకి నల్లబడితే అది సాధారణ తేయాకు అవుతుంది. జపానులో కోసిన వెంటనే ఆవిరి పట్టి, చైనాలో ఎక్కువగా వేడి బాణలిలో వేయించి ఆ మార్పును అరికడతారు. అందుచేత ఆకులో ‘కాటెకిన్లు’ అనే పదార్థాలు అధికంగా నిలిచి ఉంటాయి.

తేనీటి ఆరోగ్యగుణాలను గురించి 1211లోనే జపాను బౌద్ధ భిక్షువు ఐసాయి ‘కిస్సా యోజోకి’ అనే గ్రంథం రచించాడు. ఆ దేశంలోనే 40,000కు పైగా ప్రజలను పరిశీలించి 2006లో ప్రకటించిన అధ్యయనంలో, హరిత తేనీటిని ఎక్కువగా సేవించేవారిలో గుండె, రక్తనాళాల వ్యాధుల వలన కలిగే మరణాలు తక్కువగా కనిపించాయి. క్యాన్సర్ మరణాలలో మాత్రం అట్టి భేదం కనిపించలేదు. వ్యాపార ప్రకటనలకు ఈ రెండవ మాట రుచించదు. స్థూలకాయాన్ని ఇట్టే కరిగిస్తుందన్న ప్రచారానికి కూడా తగిన ఆధారం లేదు.

మరుగుతున్న నీటిలో వేస్తే ఆకు చేదెక్కుతుంది. కాచి దించిన నీటిని సుమారు 80 డిగ్రీల వరకు చల్లారనిచ్చి, ఆకు వేసి, రెండు నిమిషాల తరువాత వడకట్టాలి. పాలు కలపనక్కరలేదు.

అయితే భోజనంతోపాటు దీనిని సేవించరాదు. శాకాహారంలోని ఇనుమును శరీరం గ్రహించకుండా కాటెకిన్లు కొంతవరకు అడ్డుపడతాయి. తెలుగునాట స్త్రీలలో రక్తహీనత విస్తారంగా ఉంది. సన్నబడాలనే కోరికతో అన్నం తినగానే ఈ తేనీరు త్రాగే విద్యార్థిని, తోటకూర పప్పు వలన పొందవలసిన ఇనుములో కొంత చేజేతులా పోగొట్టుకుంటుంది. భోజనానికీ తేనీటికీ నడుమ కనీసం ఒక గంట వ్యవధి ఉండాలి. ఇందులోనూ కెఫీన్ ఉన్నది కనుక, నిద్ర పట్టనివారు సాయంకాలం తరువాత దీనిని మానుకోవడం మేలు.