బోయజు పొలంలో నీళ్ల కుండలు



రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దల మాట. అయితే పొలంలో మనిషి పడిపోవడానికి రోహిణి దాకా ఆగనక్కరలేదు. దాళ్వా కోతల నాటికే బందరు, గుడివాడ, దివిసీమ పల్లెల్లో వడదెబ్బ మాట వినిపిస్తుంది.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలమందిని తీసుకుపోయింది. ఆ దినాన్ని మనం నేటికీ జ్ఞాపకం చేసుకుంటాం. 2015 వేసవిలో వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,300 మందికి పైగా చనిపోయారు. వారికి జ్ఞాపక దినం లేదు. ఉప్పెన ఊరినంతా ఒక్కసారి ముంచింది గనుక అందరం చూశాం. ఎండ ఒక్కొక్క ఇంటి నుంచి ఒక్కొక్కరిని చప్పుడు లేకుండా తీసుకుపోతుంది. తుపాను హెచ్చరిక వింటే పశువుల పలుపులు విప్పి, పిల్లలను వెంటబెట్టుకొని షెల్టరుకు వెళ్లడం మనం నేర్చుకున్నాం. ఎండ విషయంలో అలాంటి పాఠం ఇంకా నేర్చుకోలేదు.

తీరంలో ఎండ వేరు

రెంటచింతలతో పోలిస్తే మనకు ఎండ తక్కువేనని కొందరు ధైర్యం చెప్పుకుంటారు. ఆ లెక్క సరికాదు. దేవుడు మన శరీరాన్ని చల్లబరచడానికి చెమటనిచ్చాడు. చెమట పట్టడం వల్ల కాదు, ఆ చెమట ఆరడం వల్ల ఒళ్లు చల్లబడుతుంది. సముద్రపు తేమ నిండిన గాలిలో చెమట కారుతుందే గాని ఆరదు. అదే మన ఉక్కపోత. అందుకే వాతావరణ శాఖ మైదాన ప్రాంతంలో కనీసం 40 డిగ్రీలు ఉంటేనే వడగాడ్పును లెక్కలోకి తీసుకుంటుంది గాని, తీరంలో 37 డిగ్రీలకు చేరి మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగితే చాలు, వడగాడ్పు అంటుంది. పడమర గాలి బలంగా వీచే రోజుల్లో సముద్రపు గాలి ఆలస్యమవుతుంది. అప్పుడు బందరు కూడా నిప్పుల కుంపటే.

పైగా పని చేసే శరీరం లోపల తానే వేడిని పుట్టిస్తుంది. నీడలో కూర్చున్నవాడు తట్టుకునే ఎండను కొడవలి పట్టినవాడు తట్టుకోలేడు.

లేఖనాల్లో రెండు పొలాలు

రాజులు రెండవ గ్రంథం నాలుగవ అధ్యాయంలో షూనేమీయురాలి కుమారుడు కోత కోయువారి యొద్దకు వెళ్లాడు. తల నొప్పి అని తండ్రితో మొరపెట్టాడు. పనివాడు ఆ బిడ్డను తల్లి దగ్గరకు మోసుకుపోయాడు. మధ్యాహ్నానికి తల్లి ఒడిలోనే చనిపోయాడు. అది ఎండదెబ్బేనని చాలామంది వ్యాఖ్యానకర్తల అభిప్రాయం. ఎలీషా ద్వారా దేవుడు ఆ బిడ్డను తిరిగి లేపాడు. ఈ కథను మనం అద్భుతం కోసమే చదువుతాం. కోత పొలంలో తలనొప్పి చిన్న సంగతి కాదన్న హెచ్చరికను దాటిపోతాం.

రెండవది బోయజు పొలం. అదీ కోతకాలమే. దాహమైనప్పుడు పనివారు చేది ఉంచిన కుండల దగ్గరకు వెళ్లి తాగమని బోయజు రూతుకు చెప్పాడు. పరదేశియైన ఒక పేద విధవరాలికి నీళ్లకు అనుమతి అడగవలసిన అవసరం లేకుండా చేశాడు. భోజన వేళ ఆమెను పిలిచి, చిరకలో ముంచుకొని తినమన్నాడు. మన తరవాణి లాంటి పులుపు అది. ఆమె కాసేపు నీడలో కూర్చున్నదని కూడా లేఖనం చెబుతుంది. నీళ్లు, నీడ, విశ్రాంతి: నేడు వైద్యులు చెప్పే మూడు మాటలూ ఆ పొలంలో ఉన్నాయి.

మన పొలాల్లో ఏది అడ్డు?

నీళ్లు తాగాలని తెలియనివారు ఎవరూ లేరు. అడ్డంకులు వేరు. పొలం దగ్గర మరుగు ఉండదు గనుక అక్కచెల్లెళ్లు కావాలనే నీళ్లు మానుకుంటారు. గుత్తకు ఒప్పుకున్న ముఠాలో ఒకరు ఆగితే అందరి కూలి తగ్గుతుంది గనుక కళ్లు తిరుగుతున్నా ఎవరూ గట్టు ఎక్కరు. పెందరాళే పని ఆపితే పూట కూలే ఇస్తారని భయం. మరోవైపు కౌలు రైతు అప్పుల్లో ఉన్నాడు. వాన పడకముందే ధాన్యం ఇంటికి చేరాలి. అతణ్ణి నిందించడం సులువు గాని న్యాయం కాదు.

అయినా పొలం ఉన్న మన విశ్వాసులను కొన్ని సంగతులు అడుగుతున్నాం. తెల్లవారుజామున పని మొదలుపెట్టి పదకొండు గంటలకు ఆపండి. మిగిలింది సాయంత్రం చూసుకోండి. గంటలు తగ్గాయని కూలి తగ్గించకండి. ద్రాక్షతోట యజమానుడు కడపటి గంటలో వచ్చినవారికీ పూర్తి దేనారమే ఇచ్చాడు. గట్టు మీద నాలుగు తాటాకులతో పందిరి, పక్కనే చాటుకు ఒక దడి కట్టించండి. గంటకు ముప్పావు లీటరు తక్కువ కాకుండా, కొంచెం కొంచెంగా నీళ్లు తాగించండి. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, గంజి, తరవాణి మంచివి. కొత్తగా ఎండలోకి వచ్చినవారికి శరీరం అలవాటు పడడానికి వారం, రెండు వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో వారికి తేలిక పని ఇవ్వండి. మద్యం తాగినవారిని ఎండలోకి దించకండి.

గేదెకు చెమట తక్కువ, నల్లని తోలు ఎండను పీలుస్తుంది. కాలువలు కట్టేసిన నెలల్లో దొర్లడానికి దానికి నీరుండదు. నీడన కట్టి పూటకొకసారైనా ఒళ్లు తడపండి.

ఎవరైనా తికమకగా మాట్లాడుతున్నా, పడిపోయినా, ఒళ్లు కాలిపోతున్నా అది ప్రాణాపాయం. వెంటనే 108కి ఫోన్ చేయండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరండి. మెడకు, చంకలకు తడిగుడ్డలు పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. ప్రార్థన చేయండి, కాని చేతులు తడుపుతూ ఉండగానే చేయండి.

మా తప్పు కూడా

ఒక మే నెలలో మేమే ఉపవాస కూడికను మధ్యాహ్నం రెండింటి దాకా సాగించాం. రేకుల షెడ్డు, కరెంటు లేదు. తెల్లవారుజామునే కోతకు వెళ్లి, ఏమీ తాగకుండా వచ్చి కూర్చున్న ఒక తల్లి కూలబడ్డారు. ఆత్మ తాకిడి అనుకొని మేము కొన్ని నిమిషాలు పాట ఆపలేదు. పక్కనున్న చిన్నపిల్ల చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె ముఖం మీద చల్లింది. ప్రభువు కృపను బట్టి ఆమె బతికారు. ఆ రోజు మా కంటె ఆ పిల్లే బోయజును ఎక్కువగా ఎరిగింది.

ఆనాటి నుండి వేసవిలో మా ఆరాధన ఉదయం ఆరున్నరకే. ఉపవాసమున్నా నీళ్లు తాగమని బలిపీఠం దగ్గర నుంచే చెబుతాం. మీ మందిరం మధ్యాహ్నాలు తాళం వేసి ఉంటుందా? తలుపులు తీయండి. ఫ్యాను వేసి, రెండు కుండలు పెట్టండి. దారిన పోయే కూలివారు ఏ మతమని అడగకండి. విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా ఇచ్చే వడగాడ్పు హెచ్చరికను ఆదివారం ప్రకటనల్లో చదవండి. ఒంటరిగా ఉండే వృద్ధుల ఇంటికి పన్నెండు దాటాక ఒక యౌవనస్థుణ్ణి పంపండి.

ఎండను ఆపడం మన చేతిలో లేదు. కుండ నింపడం మన చేతిలో ఉంది. ఈ వేసవిలో మన పొలాల్లో ఏ తల్లి ఒడిలోనూ షూనేములో జరిగినది జరగకుండునట్లు ప్రభువు మనకు తెలివిని, కనికరాన్ని దయచేయును గాక. ఆమేన్.