పేరు పలక లేని రేగు చెట్టు

ఏన్కూరు వాసులమైన మాకు అడవి కొత్త కాదు. అయినా సంక్రాంతి సెలవులలో పిల్లలను వెంటబెట్టుకొని హైదరాబాదు కొత్తగూడలోని కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్‌కు వెళ్ళాము. డెబ్బై ఏళ్ళు దాటిన దాదీమా కూడా వచ్చారు. “చెట్లు చూడటానికీ టికెట్టేనా?” అని ద్వారం వద్దే ఆశ్చర్యపోయారామె.

సుమారు 274 ఎకరాల ప్రాంగణమది. ఔషధ మొక్కలు, కలప వృక్షాలు, పండ్ల చెట్లు, నీటి మొక్కలు, వెదుళ్ళు వేటికవే వేరు వేరు వనాలుగా పెంచారు. నడుమ దక్కను పీఠభూమి బండరాళ్ళు. పిల్లలు పలకల మీది లాటిన్ పేర్లను కూడబలుక్కుంటూ ఉంటే, చదువురాని దాదీమా బెరడును తడిమి “ఇది నల్లమద్ది, మొసలి వీపులా లేదూ? ఇది ఏగిస, దీని చెక్కలో నీళ్ళు పోసి చక్కెర జబ్బువాళ్ళు తాగుతారు” అని చెబుతూ సాగారు. తునికి చెట్టు దగ్గర మాత్రం చాలాసేపు నిలిచారు. వేసవి ఎండలో ఆకు కోసి, యాభై ఆకులకొక కట్ట కట్టి అమ్మిన రోజులవి.

మొక్కల విద్య ముస్లిములకు పరాయిది కాదు. తొమ్మిదో శతాబ్దంలోనే అబూ హనీఫా దీనవరీ మొక్కల గురించి బృహద్గ్రంథం రచించారు. మలగాలో జన్మించిన ఇబ్నుల్ బైతార్ దేశదేశాలు తిరిగి మూలికలను పరిశీలించి, 1248లో డమాస్కస్‌లో కన్నుమూశారు. దివ్య ఖుర్ఆన్‌లో ప్రస్తావనకు వచ్చిన ఖర్జూరం, ఆలివ్, అంజూరం, దానిమ్మ వంటి వాటితో దుబాయిలో 60 హెక్టార్ల ఉద్యానవనం 2019లో ప్రారంభమైంది.

కొత్తగూడ వనాన్ని నడిపేది అటవీ అభివృద్ధి సంస్థ. మా ప్రాంతంలో ఆ సంస్థ పేరు చెబితే గుర్తొచ్చేవి వరుసలు తీరిన జామాయిల్ తోటలు. ఇక్కడ వందల జాతులు, అక్కడ ఒకటే జాతి! కాగితానికి కలప కావాలి, నిజమే. కానీ జామాయిల్ నీడలో తునికి పండు ఏరుకున్న పిల్లవాడు మాకింతవరకు కనబడలేదు.

తిరుగుదారిలో రాళ్ళ సందున ఒక రేగు చెట్టు. దానికి పేరు పలక లేదు. దాదీమా అక్కడే కూర్చుండిపోయారు. దివ్య ఖుర్ఆన్‌లోని సిద్ర్ వృక్షం మన రేగుకు దగ్గరి బంధువని పండితులు చెబుతారు. మన ఇళ్ళలో మయ్యత్‌కు గుసుల్ చేయించే నీటిలో రేగాకు వేసి కాచడం వాడుక. మా దాదా మరణించిన నాడు ఆ ఆకు కోసం ఊరంతా వెదికాము. పత్తి చేల కోసం గట్ల మీది రేగు చెట్లన్నీ అప్పటికే నరికేశారు. చివరకు పొరుగూరి నుండి సైకిలు మీద ఒక కుర్రవాడు గుప్పెడు ఆకు తెచ్చేసరికి అసర్ నమాజు వేళ అయింది.

కింద రాలిన పండ్లు నాలుగు దాదీమా కొంగున ముడివేసుకున్నారు. ఇంటికి వచ్చాక వాటి గింజలను పాత నూనె డబ్బాలో నాటితే రెండు మొలిచాయి. తొలకరి పడగానే ఖబరస్తాన్ గోడ వెంట వాటిని పెట్టాలని ఆమె కోరిక. కమిటీ పెద్దలతో మేమింకా మాట్లాడవలసి ఉంది.