గాజు స్లైడు కంప్యూటర్ తెరకెక్కితే

బయాప్సీ స్లైడ్లను డిజిటల్ రూపంలో పంపితే క్యాన్సర్ రోగికి కొంత తిరుగుడు తప్పుతుంది. అయితే స్కానర్ ఒక్కటీ కొంటే సరిపోదు

ముంబైలోని టాటా మెమోరియల్ ఆస్పత్రికి దూరప్రాంతాల నుంచి వెళ్లే రోగుల సంచుల్లో రిపోర్టులతోపాటు గాజు స్లైడ్లు, కణజాలాన్ని పొదిగిన మైనపు దిమ్మెలు కూడా ఉంటాయి. సొంతూళ్లో తేల్చిన జబ్బును అక్కడి పాథాలజిస్టు మళ్లీ పరిశీలించాలి మరి. దారిలో స్లైడు పగిలితే దిమ్మె నుంచి కొత్త పొర కోయాలి. సూదితో తీసిన సన్నటి ముక్కయితే కోయడానికి మిగలకపోవచ్చు.

ఈ బెడదకు విరుగుడు స్కానర్. అది ఒక్కో పిక్సెల్‌కు పావు మైక్రాన్ చొప్పున స్లైడును ఫొటో తీస్తుంది. 15 మిల్లీమీటర్ల చదరపు ముక్కకే 360 కోట్ల పిక్సెళ్లు. కుదించకపోతే 10 గిగాబైట్ల పైమాటే. అంత ఫైలూ డాక్టరు కంప్యూటర్‌కు రానక్కర్లేదు. ఆన్‌లైన్ మ్యాపుల్లోలాగే బొమ్మను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి సర్వర్‌లో ఉంచుతారు. డాక్టరు ఏ మూలను పెద్దది చేస్తే ఆ గళ్లే వస్తాయి. చూడటానికి మామూలు ఇంటర్నెట్ చాలు. ఇబ్బందంతా చిన్న పట్టణం నుంచి ఆ ఫైలును పైకి ఎక్కించడంలో, ఏళ్ల తరబడి దాచడంలో ఉంది.

తెర మీద చూసి జబ్బును నిర్ధారించడానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తొలిసారి ఫిలిప్స్ యంత్రానికి అనుమతినిచ్చింది 2017లో. హైదరాబాద్‌లో నిమ్స్, ట్రిపుల్ ఐటీ కలిసి 367 మంది మెదడు కణితి రోగుల 547 స్లైడ్లను డిజిటైజ్ చేసి, 2024లో పరిశోధకులకు అందించాయి. కంప్యూటర్‌కు కణితులను గుర్తించడం నేర్పే స్లైడ్లలో ఎక్కువ భాగం పాశ్చాత్య రోగులవే కాబట్టి దీనికి విలువ ఎక్కువ.

కానీ స్కానర్ ఉన్నదాన్నే చూపుతుంది. పొర మందంగా కోసినా, మడత పడినా, రంగు సరిగా పట్టకపోయినా ఆ లోపం ముంబైలోనూ అలాగే కనిపిస్తుంది. పాప్ స్మియర్ లాంటి వాటిలో కణాలు వేర్వేరు లోతుల్లో ఉంటాయి. మైక్రోస్కోపు మరను అటూ ఇటూ తిప్పి చూసే డాక్టరుకు ఒకే లోతులో తీసిన బొమ్మ చాలదు. పలు లోతుల్లో తీస్తే ఫైలు అన్ని రెట్లవుతుంది. జిల్లా ఆస్పత్రికి స్కానర్ ఇచ్చే ముందు పొర కోసే యంత్రం బ్లేడు, రంగు వేసే టెక్నీషియన్ శిక్షణ సంగతి చూడటం మేలు. వీటికి ప్రారంభోత్సవాలు ఉండవు, అందుకే వెనకబడతాయి.

ఇక ఏ రకం క్యాన్సరో, ఏ మందు పనిచేస్తుందో తేల్చే ప్రత్యేక రంగు పరీక్షలకు, జన్యు పరీక్షలకు బొమ్మ పనికిరాదు, కణజాలమే కావాలి. స్లైడుకు ప్రయాణం తప్పినా మైనపు దిమ్మెకు ఇప్పట్లో తప్పదు.